ముందు మెషిను, తర్వాత టికెట్టు: డయాలసిస్ మీద ఉన్న పెద్దలు పిల్లల ఊరికి వెళ్లడం ఎలా?

ఉద్దానంలో పెద్దవాళ్ల ప్రయాణం టికెట్టుతో మొదలవ్వదు. జలంత్రకోటలో ఉండే అమ్మ సికింద్రాబాద్‌లో ఉన్న కొడుకు దగ్గరికి నెల్లాళ్లు వెళ్లాలంటే ముందు తేలాల్సింది ఏ బండి, ఏ బెర్తు అని కాదు. అక్కడ దిగిన మర్నాడు ఆమెకు ఏ ఆసుపత్రిలో మెషిను ఖాళీగా ఉంటుందన్నది తేలాలి. చాలా ఇళ్లలో ఈ వరస తిరగబడుతుంది. పండక్కి ముందే కొడుకు ఫోన్లో టికెట్టు తీసేస్తాడు, తల్లి సంచి సర్దేస్తుంది, ఇక బయల్దేరడమే అన్నప్పుడు డయాలసిస్ సంగతి గుర్తొస్తుంది. అప్పుడు తల్లి నోట వచ్చే మాట అందరికీ తెలిసిందే: "నాను రాలేన్రా బాబూ. వారానికి మూడుసార్లు ఆ మిషను కాడ కూకోవాలి గదా. మీరే రండి."

డయాలసిస్ ఎగ్గొట్టి వెళ్లకూడదన్నది నిజమే. అయితే దాన్ని అక్కడే చేయించుకుంటూ ఉండొచ్చన్నదీ నిజమే. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకింతగా ఉందో ఇప్పటికీ తేలలేదు. నీళ్లలోని సిలికా, ఎండలో పని, పురుగుమందులు అంటూ చాలా వాటిని పరీక్షించారు గానీ ఫలానాదే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో, మధ్య అమెరికా చెరకు తోటల కూలీల్లో కూడా కారణం తేలని కిడ్నీ జబ్బు ఉంది. కారణం సంగతి ఎలా ఉన్నా చికిత్స మాత్రం దగ్గరికి వచ్చింది. పలాసలో 2023 డిసెంబరు 14న 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలయ్యాయి. సోంపేటలో, కవిటిలో, టెక్కలిలో డయాలసిస్ యూనిట్లు ఉన్నాయి. పిల్లలు మాత్రం దూరమయ్యారు. ఖరగ్‌పూర్ రైల్వే కొలువులకు వెళ్లినవాళ్లు పాతకాలం వాళ్లు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కొబ్బరినీ జీడినీ నేలకూల్చాక హైదరాబాద్, బెంగళూరు, ముంబయి, గల్ఫ్ దారి పట్టినవాళ్లు ఎందరో. ఈ వ్యాసం ఆ పిల్లల దగ్గరికి మొదటిసారి వెళ్లబోతున్న పెద్దల కోసం, వాళ్లను పిలిచే పిల్లల కోసం.

మొదటి పని: మీ డాక్టరు మాట

నెలన్నర ముందే మీ యూనిట్లో కదపండి. బీపీ నిలకడగా ఉందా, రక్తం శాతం బాగుందా, డయాలసిస్ మధ్యలో కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం లాంటివి ఈమధ్య జరిగాయా అన్నవి చూసి వెళ్లొచ్చో లేదో వాళ్లే చెబుతారు. డయాలసిస్ కొత్తగా మొదలై ఇంకా మెడ దగ్గర గొట్టం మీదే చేయించుకుంటున్నవాళ్లు తొందరపడకపోతే మంచిది. చేతికి ఫిస్టులా, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళం, వేసి, అది పక్వానికొచ్చి, సూదులు సాఫీగా పడుతున్నాక ప్రయాణం చాలా తేలిక.

రెండో పని: అక్కడ మెషిను దొరకబుచ్చుకోవడం

అసలు కష్టమంతా ఇక్కడే. దీన్ని పిల్లలకే వదిలేయాలి, పెద్దలు చేయగల పని కాదు. కొడుకు తన ఇంటికి దగ్గర్లో ఉన్న రెండు మూడు డయాలసిస్ యూనిట్లకు స్వయంగా వెళ్లి మాట్లాడాలి. ఫోన్లో "రండి చూద్దాం" అన్న మాటను నమ్ముకోకూడదు. వారంలో ఏ రోజులు, ఏ షిఫ్టు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది కాగితం మీదో వాట్సాప్‌లోనో రాయించుకోవాలి. తెల్లవారుజాము షిఫ్టు ఇస్తామంటే పుచ్చుకునే ముందు ఆ వేళకు అమ్మను ఎవరు తీసుకెళ్తారో ఆలోచించుకోవాలి. ఒక్కో విడత నాలుగు గంటలు, రానూపోనూ కలిపితే పూట గడిచిపోతుంది. ఆఫీసుకు సెలవు దొరకని కొడుకు, పిల్లల్ని బడికి పంపాల్సిన కోడలు ఆ పూటలు ఎలా పంచుకుంటారో ముందే అనుకుంటే తర్వాత ఇంట్లో మాటలు రావు.

కొత్త యూనిట్ వాళ్లు అడిగే కాగితాలు దాదాపు ఎక్కడైనా ఒకటే. హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి పరీక్షల రిపోర్టులు ఈమధ్యవి కావాలి, ఆరు నెలల కిందటివి ఒప్పుకోరు. హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు వేరే మెషిను కావాలి. ఆ సంగతి దాస్తే మీతోపాటు ఇతర రోగులకూ ముప్పు. చివరి మూడు విడతల చార్టు నకళ్లు తీసుకోండి. అందులో మీ డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు, తప్పకుండా ఉండాలి. అది తెలియకపోతే ఎంత నీరు తీయాలో కొత్త నర్సుకు అంతుపట్టదు. ఎక్కువ తీస్తే కండరాలు పట్టేస్తాయి, తక్కువ తీస్తే ఆయాసం మిగిలిపోతుంది. ఏ డయలైజర్ వాడుతున్నారు, హెపారిన్ ఎంత ఇస్తున్నారు, ఫిస్టులా ఏ చేతికి ఉంది, రక్తం పెరగడానికి వేసే ఇంజెక్షను ఎన్నాళ్లకోసారి, ఏ మందులు పడవు అన్నవీ రాయించండి. మీ యూనిట్లో టెక్నీషియన్‌ను అడిగితే ఒక పేజీలో అన్నీ రాసిస్తారు. ఆ పేజీని ఫోటో తీసి కొడుక్కి పంపండి, అసలుది మీ సంచిలో పెట్టుకోండి.

ఇక డబ్బు. ఇక్కడ ఉచితంగా జరుగుతున్నది అక్కడా ఉచితమే అనుకోవద్దు. రాష్ట్రం దాటితే మన ఆరోగ్య కార్డు డయాలసిస్‌కు పనిచేస్తుందో లేదో ఆ ఆసుపత్రి ఆరోగ్యమిత్రను అడిగాకే నమ్మాలి. డెబ్బై దాటినవాళ్లకు మరో దారి ఉంది. 2024 అక్టోబరు చివర్లో కేంద్రం ఆయుష్మాన్ వయ వందన కార్డు మొదలుపెట్టింది. ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా వర్తిస్తుంది, ఆ పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో వేరే రాష్ట్రంలో అయినా చూపించుకోవచ్చు. ఆధార్ ఉంటే చాలు. అక్కడి యూనిట్ ఆ జాబితాలో ఉందో లేదో 14555కు ఫోన్ చేసి కనుక్కోవచ్చు. 2016లో మొదలైన ప్రధానమంత్రి జాతీయ డయాలసిస్ కార్యక్రమం కింద ప్రభుత్వ జిల్లా ఆసుపత్రుల్లో కూడా మెషిన్లు ఉన్నాయి, అక్కడా ఒక మాట అడగండి. ఏదీ కుదరక ప్రైవేటులో చేయించాల్సొస్తే నెలకు ఎన్ని విడతలు, విడతకు ఎంత అని లెక్క వేసుకుని ఒకటికి రెండుసార్లు చూసుకోండి. నెల్లాళ్లు అనుకున్నది రెండు వారాలు చేసుకున్నా తప్పు లేదు.

పింఛను లెక్క

ఎన్టీఆర్ భరోసా కింద డయాలసిస్ వాళ్లకు నెలకు 10,000, వృద్ధాప్య పింఛను 4,000. ఒకటో తారీఖున సచివాలయం మనిషి ఇంటికొచ్చి వేలిముద్రో ముఖమో తీసుకుని ఇస్తాడు. చాలామంది పెద్దలు ఈ ఒక్క కారణంతోనే కదలరు. "ఒకటో తారీకు ఇంట్లో లేకపోతే తీసేస్తారట" అన్న భయం ఊరూరా ఉంది. 2024 డిసెంబరు నుంచి ఒక నెల తీసుకోకపోతే మరుసటి నెల రెండూ కలిపి ఇచ్చే ఏర్పాటు ఉంది. అయినా వెళ్లేముందు సచివాలయంలో మీ పింఛను చూసే ఉద్యోగికి ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఊళ్లో ఉండరో చెప్పి వెళ్లండి. నా మాట అడిగితే, ఒకటో తారీఖున పింఛను తీసుకుని మూడో తారీఖున బయల్దేరి ఆ నెల ఆఖరుకు తిరిగొచ్చేలా పెట్టుకోవడం అన్నిటికన్నా నయం.

ఏ రోజు ఎక్కాలి?

ఇక్కడ కాస్త తీరిగ్గా ఆలోచించాలి. మీ డయాలసిస్ రోజులు సోమ, బుధ, శుక్ర అనుకుందాం. శుక్రవారం నుంచి సోమవారం దాకా మధ్యలో రెండు రోజులు ఖాళీ. 2011లో అమెరికాలో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం ఈ పొడుగు విరామం దాటిన రోజునే డయాలసిస్ రోగుల్లో మరణాలు, గుండె జబ్బుతో ఆసుపత్రిలో చేరడం ఎక్కువని తేల్చింది. కాబట్టి ఆ రెండు రోజుల్లో తిండి, నీళ్లు అదుపు తప్పితే ప్రమాదం. మరి బుధవారం చేయించుకుని గురువారం బండెక్కి శుక్రవారం పొద్దున దిగి ఆ సాయంత్రమే చేయించుకుందామా? బండి ఆరు గంటలు ఆలస్యమైతే షిఫ్టు పోతుంది. అప్పుడు శనివారం మెషిను దొరుకుతుందన్న హామీ లేదు.

నా ఓటు శుక్రవారం పలాసలోనో సోంపేటలోనో చేయించుకుని, ఆ రాత్రి ఇంట్లో పడుకుని, శనివారం ఎక్కడానికే. ఆదివారం దిగుతారు, బండి ఎంత ఆలస్యమైనా సోమవారం షిఫ్టుకు చేతిలో వ్యవధి ఉంటుంది. ఆ రెండు రోజులు నోరు కట్టుకోవాలి, అంతే. డయాలసిస్ అయిన రోజు రాత్రే బండెక్కే వాళ్లున్నారు. ఒళ్లు తూలుతున్నప్పుడు మెట్ల వంతెన ఎక్కి దిగడం, కదిలే పెట్టెలో బాత్రూముకు నడవడం పెద్ద వయసులో మంచిది కాదు. వారానికి రెండుసార్లే చేయించుకునేవాళ్లకు విరామాలు ఇంకా పొడుగు, వాళ్ల తేదీలు డాక్టరే చెప్పాలి.

అక్టోబరు, నవంబరు మన తీరానికి తుఫాన్ల నెలలు. ఆ రోజుల్లో బండ్లు రద్దయితే మామూలు ప్రయాణికుడికి విసుగే గానీ, డయాలసిస్ మనిషికి ఒక విడత గల్లంతు. సంక్రాంతి దాటాక, ఎండలు ముదరకముందు వెళ్లండి.

టికెట్టు, బెర్తు

జలంత్రకోట, కంచిలి వాళ్లకు దగ్గరి స్టేషను సోంపేటే. పేరు సోంపేటది, ఉన్నది కంచిలిలో. దూరపు బండ్లన్నీ అక్కడ ఆగవు. పలాసలో ఫలక్‌నుమా, విశాఖ, ఈస్ట్‌కోస్ట్ సికింద్రాబాద్, హైదరాబాద్ వైపు దొరుకుతాయి. బెంగళూరుకు ప్రశాంతి, ముంబయికి కోణార్క్. ముంబయి రెండు రాత్రుల ప్రయాణం. డయాలసిస్ మనిషిని అంత దూరం ఒకే పట్టున కూర్చోబెట్టడం నాకు నచ్చదు. విశాఖ వెళ్లి విమానం ఎక్కించడం ఖర్చే, కానీ ఒక్క పూటలో తేలిపోతుంది. విమానాశ్రయంలో చక్రాల కుర్చీ ముందే అడిగితే లోపలి దాకా తీసుకెళ్తారు.

రైలు టికెట్టు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే దొరుకుతుంది. 2024 నవంబరుకు ముందు అది 120 రోజులు. పెద్దవాళ్లకు ఇచ్చే చార్జీ రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్లీ రాలేదు. కింది బెర్తు కోటా మాత్రం ఉంది: మగవాళ్లకు 60, ఆడవాళ్లకు 45 ఏళ్లు దాటి ఉండాలి, ఒక టికెట్టు మీద ఇద్దరికి మించకూడదు. ఇక్కడో మెలిక. ముప్పై ఏళ్ల కొడుకును అమ్మ టికెట్టులోనే కలిపితే కోటా పోతుంది. నలభై అయిదు దాటిన పెద్దకూతురు తోడు వెళ్తే ఇద్దరికీ కోటా వర్తిస్తుంది. కొడుకే రావాలంటే అతని టికెట్టు విడిగా తీసి, అదే పెట్టెలో సీటు కోసం ప్రయత్నించాలి.

కిడ్నీ రోగులకు రైల్వే రాయితీ ఉందని విన్నవాళ్లు ఉంటారు. ఉంది. స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, తోడు వెళ్లే ఒకరికి కూడా. కానీ డయాలసిస్‌కో కిడ్నీ మార్పిడికో వెళ్తున్నామని ఆసుపత్రి నిర్ణీత ఫారంలో రాసిస్తేనే ఇస్తారు. అది చికిత్స ప్రయాణానికి, చుట్టపు చూపుకు కాదు. విశాఖ దాకా బస్సులో వెళ్లేవాళ్లకు ఆర్టీసీలో 60 దాటితే 25 శాతం తగ్గింపు. ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ దగ్గర పెట్టుకోవాలి.

సంచిలో ఏముండాలి?

బట్టల సంచి వేరు, మందుల సంచి వేరు. మందుల సంచి ఎప్పుడూ భుజానికే ఉండాలి, సీటు కిందికి పోకూడదు. అందులో పది రోజులకు సరిపడా కాదు, ఉండే రోజులన్నిటికీ సరిపడా మందులు, కాగితాల ప్లాస్టిక్ కవరు, ఆధార్, కార్డులు పెట్టండి. రక్తం పెరిగే ఇంజెక్షను వెంట తీసుకెళ్లాల్సొస్తే ఐసు ప్యాకు పక్కన పెట్టి, వెడల్పు మూతి ఫ్లాస్కులో పెట్టుకోండి. ఇంజెక్షను ఐసుకు నేరుగా తగలకుండా గుడ్డ చుట్టండి, గడ్డకడితే పనికిరాదు.

ఫిస్టులా ఉన్న చేత్తో సంచి మోయకూడదు. ఆ చేతికి గడియారం, బిగుతు గాజులు వద్దు. బండి ఎక్కేటప్పుడు కడ్డీ పట్టుకుని ఒంటి బరువంతా ఆ చెయ్యి మీద వేయకూడదు. పక్కన ఉన్నవాళ్లకు ఈ సంగతి చెప్పి ఉంచండి. సాయం చేద్దామని అదే చెయ్యి పట్టి లాగేవాళ్లు ఉంటారు.

పిల్లలకు ఊరి సామాను పట్టుకెళ్లకుండా మనవాళ్లు కదలరు కదా. పలాస జీడిపప్పు, వలిచిన కొబ్బరికాయలు, కాలమైతే పనస. పట్టుకెళ్లండి, మనవలు తింటారు. మోత మాత్రం తోడొచ్చిన వాళ్లది. విమానమైతే ఎండు కొబ్బరి పెట్టెలో పెట్టకండి, తీసేస్తారు.

దారిలో తిండి, నీళ్లు

ఉద్దానం మనిషికి ఇదే కష్టమైన చోటు. ఇక్కడ పండేవన్నీ పొటాషియం దండిగా ఉన్నవే. ఒక కొబ్బరి బొండం నీళ్లలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. డయాలసిస్ మనిషికి రోజంతటికీ సాధారణంగా చెప్పే హద్దు రెండు, రెండున్నర వేల మిల్లీగ్రాములు. దాహమేస్తోందని విశాఖ ప్లాట్‌ఫారం మీద ఒక బొండం, తోడుగా రెండు అరటిపళ్లు తింటే రోజు కోటాలో సగం పోయినట్టే. అది నిజమైన ముప్పు, పొటాషియం పెరిగితే గుండె లయ తప్పుతుంది. జీడిపప్పు, పనస తొనలు, ఎండు చేపలు కూడా ఆ రెండు రోజులు పక్కన పెట్టండి. ఎండు చేపల్లో ఉప్పు, ఆ ఉప్పు వల్ల దాహం, ఆ దాహంతో నీళ్లు.

ఇంటి నుంచి ఇడ్లీలు, ఉప్పు తగ్గించి చేసిన చిత్రాన్నం, ఉడికించి నీళ్లు వార్చిన బీరకాయో ఆనపకాయో వేసిన కూర తీసుకెళ్లండి. పచ్చడి, ఊరగాయ డబ్బా ఇంట్లోనే వదిలేయండి. నీళ్లకు సీసా కాదు, చిన్న స్టీలు గ్లాసు పట్టుకెళ్లండి. రోజుకు వచ్చే మూత్రం ఎంతో దానికి అర లీటరు కలిపి తాగొచ్చన్నది డాక్టర్లు సాధారణంగా చెప్పే లెక్క, మీ లెక్క మీ డాక్టరుది. గ్లాసుతో తాగితే ఎంత తాగామో తెలుస్తుంది, సీసా ఎత్తితే తెలియదు. నోరు ఆరిపోతే నిమ్మచెక్క నాలుక మీద రాసుకోవడం, చల్లటి నీళ్లు పుక్కిలించి ఉమ్మేయడం పనిచేస్తాయి.

జబ్బు మొదటి దశల్లో ఉండి డయాలసిస్ దాకా రాని వాళ్లకు ఈ నీళ్ల కట్టడి వర్తించదు, డాక్టరు చెబితే తప్ప. వాళ్లకు ఉన్న ప్రమాదం వేరు. రైలు దిగాక మోకాళ్లు పట్టేశాయని మందుల షాపులో నొప్పి బిళ్లలు కొనుక్కుని వారం రోజులు మింగడం మిగిలిన కిడ్నీని తినేస్తుంది. కాపడం పెట్టుకోండి, డాక్టరును అడక్కుండా బిళ్ల వద్దు.

దారిలో ఆయాసం, ఒళ్లు నిస్త్రాణ, గుండె అదురు కనిపిస్తే 139కి ఫోన్ చేయండి, రాబోయే స్టేషనులో డాక్టరు వచ్చేలా చూస్తారు. ఫిస్టులా సూది పడిన చోట రక్తం కారితే శుభ్రమైన గుడ్డతో పదిహేను నిమిషాలు ఆగకుండా నొక్కి పట్టాలి, మధ్యలో ఎత్తి చూడకూడదు.

కోడలి వంటింట్లో

ఇది కోడలు చదవాల్సిన భాగం. అత్తగారు వచ్చారని బొండాలు, పళ్ల రసాలు, టమాటా సూపు తెచ్చిపెట్టడం ప్రేమే గానీ వద్దు. అంతకన్నా ముఖ్యం, ఇంట్లో బీపీ కోసం "తక్కువ సోడియం" ఉప్పు వాడుతుంటే ఆమె కూరల్లో వేయకండి. అందులో సోడియం తగ్గించిన చోట పొటాషియం కలుపుతారు. ఆమెకు మామూలు ఉప్పే, తక్కువగా. కూరగాయలు తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి వండండి. బరువు చూసే మిషను ఒకటి ఇంట్లో ఉంటే రోజూ పొద్దున ఒకే వేళకు చూసి రాసుకోవచ్చు. ఒక విడతకూ మరో విడతకూ మధ్య బరువు బాగా పెరిగితే ఎక్కడో నీళ్లు ఎక్కువయ్యాయన్నమాట.

మనవలు వచ్చి పక్కన పడుకుంటారు, చెయ్యి మీద తల పెడతారు. ఫిస్టులా చెయ్యి అటు గోడ వైపు ఉండేలా మంచం వేయండి. పొద్దున లేవగానే ఆ చేతి మీద వేళ్లు పెట్టి చూడమని అత్తగారికి గుర్తు చేయండి. లోపల జుమ్మని కొట్టుకుంటూ ఉండాలి. అది ఆగిపోతే మర్నాటి దాకా ఆగకూడదు, ఆ గంటలోనే ఆసుపత్రికి. మూడో అంతస్తు, లిఫ్టు లేని ఇల్లయితే డయాలసిస్ నుంచి వచ్చిన రోజు మెట్ల దగ్గర ఒక కుర్చీ పెట్టి ఉంచండి.

కొత్త యూనిట్లో మొదటి రెండు విడతలు తోడు తప్పకుండా ఉండాలి. పెద్దవాళ్లు బీపీ పడిపోతున్నా "ఏటీ లేదు, బాగానే ఉన్నాను" అంటారు, కొత్త నర్సు ముందు అసలు నోరు విప్పరు. తెలుగు రాని ఊళ్లో అయితే "కాలు లాగుతోంది", "కళ్లు తిరుగుతున్నాయి" అన్న రెండు ముక్కలు అక్కడి భాషలో కాగితం మీద రాసి ఆమె చేతికివ్వండి, చూపిస్తే చాలు.

తిరిగొచ్చాక

అక్కడి చార్టులన్నీ, వేసిన ఇంజెక్షన్ల వివరాలతో సహా తీసుకుని మీ యూనిట్లో ఇవ్వండి. వేరే చోట చేయించుకుని వచ్చారు కాబట్టి హెపటైటిస్, హెచ్‌ఐవి పరీక్షలు మళ్లీ చేస్తారు. అది అనుమానం కాదు, నియమం. ఊళ్లో మీ పాత షిఫ్టు ఎవరికైనా ఇచ్చేసి ఉండొచ్చు కాబట్టి, తిరుగు బండి ఎక్కకముందే పలాసకో సోంపేటకో ఫోన్ చేసి మీ రోజు, మీ వేళ ఖాయం చేసుకోండి.